మేకు లేని మెట్లు మహిమ కాదండీ, పనితనం

అమెరికాలోని శాంటా ఫేలో లొరెటో చాపెల్ అని పాత ప్రార్థనా మందిరం ఒకటుంది. దాంట్లో చుట్లు తిరుగుతూ పైకి వెళ్ళే చెక్క మెట్ల ఫొటో మీ ఫ్యామిలీ గ్రూపులోకి కూడా ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. ఒక్క మేకు లేదు, మధ్యలో స్తంభం లేదు, సైన్సుకే అంతుచిక్కలేదు అని కింద రాసి ఉంటుంది. ఇక వరసగా దండాల బొమ్మలు. మొన్న మా గ్రూపులో మళ్ళీ వచ్చింది. అక్కడ నోరు తెరిస్తే పెద్దవాళ్ళు నొచ్చుకుంటారని ఇక్కడ రాస్తున్నా.

కథేంటంటే, ఆ మందిరం 1878లో పూర్తయింది. పాటలు పాడేవాళ్ళు నిలబడే బాల్కనీ ఇరవై అడుగుల ఎత్తున ఉంది, దానికి మెట్లు మాత్రం లేవు. మామూలు మెట్లు పెడితే కింద కూర్చునే చోటంతా పోతుంది. సిస్టర్లు ఏసు పెంపుడు తండ్రి సెయింట్ జోసెఫ్‌కి తొమ్మిది రోజులు ప్రార్థన చేశారట. గాడిదతో ఒక ముసలాయన వచ్చి, రంపం, సుత్తి, మూలమట్టంతో పని కానిచ్చి, డబ్బులు కూడా అడక్కుండా మాయమైపోయాడట. జోసెఫ్ కూడా వడ్రంగే కదా, అందుకని ఆయనే వచ్చాడన్నారు. నమ్మేవాళ్ళ నమ్మకం జోలికి నేను పోను. కానీ అదే కథలో ఆయన నీళ్ళ తొట్లలో చెక్క నానబెట్టాడని కూడా చెప్తారు. మహిమతో కట్టేవాడికి తొట్టెందుకండీ? వంచాల్సిన చెక్కని ముందు నానబెట్టాలని తెలిసినవాడు వడ్రంగి.

ఆయన పేరు కూడా దొరికింది. మేరీ జీన్ స్ట్రా కుక్ అనే చరిత్రకారిణి పాత కాగితాలన్నీ తిరగేసి, ఫ్రాన్స్ నుంచి వలస వచ్చిన ఫ్రాంస్వా-జాన్ రోషా అనే వడ్రంగి ఆ మెట్లు కట్టాడని తేల్చింది. చెక్క కోసం రోషాకి 150 డాలర్లు ఇచ్చినట్టు 1881లో సిస్టర్ల పుస్తకంలో పద్దు ఉంది. ఆయన్ని ఎవరో చంపేస్తే, 1895 జనవరిలో అక్కడి పేపరు ఆ వార్త రాస్తూ చాపెల్లో అందమైన మెట్లు కట్టింది ఈయనేనని చెప్పింది. ఇంత స్పష్టంగా ఉన్నా ఫార్వర్డులో ఆయన పేరుండదు. మాయమైంది మనిషి కాదు, ఆయన పేరు. నా కోపమంతా దీని మీదే.

పోనీ ఆ పని తక్కువదా అంటే, కానే కాదు. రెండు పూర్తి చుట్లు, 33 మెట్లు. పక్క చెక్కలు ఒకే ముక్క కాదు, వంపుకి తగ్గట్టు ముక్కలు కోసి ఒకదానికొకటి అతికాడు. లోపలి చుట్టు ఎంత బిగుతుగా ఉందంటే స్తంభం చెయ్యాల్సిన పని చాలావరకు అదే చేస్తుంది. పక్కనున్న స్తంభానికి ఒక ఇనుప పట్టీతో పట్టు కూడా ఉంది, ఫార్వర్డులో దాని మాటే రాదు. మొదట్లో రెయిలింగ్ కూడా లేదు. దిగడానికి భయపడి కొందరు చేతులూ మోకాళ్ళ మీద పాకుతూ దిగేవారని చెప్తారు. రెయిలింగ్ కొన్నేళ్ళ తర్వాత పెట్టించారు. మనం ఫొటోలో చూసి మురిసిపోయేదాంట్లో ఆ రెయిలింగ్ పనితనం కూడా ఉంది, అది ఇంకొకరి చేతిది.

ఇక 'మేకు లేకుండా' అన్న ముక్క. మన ఊళ్ళలో ఎడ్లబండి చక్రం చెయ్యడం చూసినవాళ్ళెవరూ ఈ మాటకి నోరెళ్ళబెట్టరు. కుండలోకి, అంటే చక్రం మధ్య దిమ్మలోకి, ఆకులు (అడ్డ పుల్లలు) దిగగొట్టి, చుట్టూ కాల్చిన ఇనప పట్టా ఎక్కించి నీళ్ళు పోస్తే, అది చల్లారి ముడుచుకుని మొత్తాన్ని బిగించేస్తుంది. గోదావరి జిల్లాల మండువా లోగిళ్ళలో దూలాలు, తలుపులు, అటక మీదికి వెళ్ళే చెక్కమెట్లు చూడండి. వాటికి ఎవరూ దండాల బొమ్మలు పెట్టలేదు. ఇల్లు పడగొట్టేటప్పుడు పాత టేకు కొనేవాడికి లెక్కకట్టి అమ్మేశారు, అంతే.

మా ఇంట్లో పైకి చెక్కమెట్లు పెట్టించాలనుకున్నప్పుడు ముందు ఒక ఇంటీరియర్ వాళ్ళని పిలిచాం. ఇనుప ఫ్రేమ్, దాని మీద ప్లైవుడ్, పైన కాగితం మందాన టేకు పొర. దానికి 'ట్రెడిషనల్ వుడెన్ స్టెయిర్‌కేస్' అని పేరు పెట్టి కొటేషన్ పంపారు. కాఫీ ఇచ్చి పంపించేశాం. తర్వాత ఒక ఆచారి గారిని అడిగాం. ఆయన డిజైన్ల పుస్తకం ఏమీ తేలేదు. వచ్చీ రాగానే అడిగింది ఒక్కటే:

"టైల్స్ పడ్డాయా బాబూ?"

"ఇంకా లేదండి, వచ్చే నెల."

"అయితే టైలూ, కింద సిమెంటూ కలిపి ఎంత మందం వస్తుందో రెండు అంతస్తులకీ కనుక్కుని చెప్పండి. లేకపోతే కింద మెట్టు పొట్టిదైపోతుంది, పై మెట్టు పొడుగైపోతుంది."

మెట్లలో అసలు ప్రమాదం అక్కడే ఉంది. మన కాలు మొదటి రెండు మెట్లకే ఎత్తు గుర్తుపట్టేస్తుంది, తర్వాత చూడదు. ఒక్క మెట్టు పావు అంగుళం తేడా వచ్చినా తట్టుకుని పడొచ్చు. అందుకే ఆయన ఒక పొడవాటి బద్ద మీద పూర్తి ఎత్తు గుర్తుపెట్టుకుని, దాన్నే సమంగా భాగాలు చేశారు. పదడుగుల ఎత్తు, 17 భాగాలు, ఒక్కోటి ఏడంగుళాల పైన కొద్దిగా. కాలు పెట్టే పలక పదంగుళాలు. ఎత్తుని రెండింతలు చేసి వెడల్పు కలిపితే 24 అంగుళాల దగ్గర రావాలని ఫ్రాన్స్‌లో బ్లోండెల్ అనే ఆర్కిటెక్ట్ 17వ శతాబ్దంలోనే రాసిపెట్టాడు. మన బిల్డింగ్ కోడ్ కూడా ఇళ్ళలో మెట్టు ఎత్తు 19 సెంటీమీటర్లు దాటకూడదని, పలక 25కి తగ్గకూడదని చెప్తుంది. ఆచారి గారు ఇవేవీ చదవలేదు. ఆయన కొలత మాత్రం వీటన్నిటికీ సరిపోయింది.

పక్క చెక్కల్లో ఉలితో గాడులు తొలిచి, పలకల్ని వాటిలోకి దించారు. రెయిలింగ్ స్తంభాల దగ్గర పని చూడాలి. చెక్క కొసని నాలుకలా చెక్కి, రెండో చెక్కలో తొలిచిన తొర్రలోకి దింపి, అడ్డంగా బెజ్జం వేసి కొయ్య చీల కొడతారని నాకూ తెలుసు. తెలియంది ఏంటంటే, నాలుకలో వేసే బెజ్జం బయటి బెజ్జానికి సూటిగా ఉండదు. అర నూలు, అంటే అంగుళంలో పదహారో వంతు, లోపలికి జరిపి వేస్తారు. చీల ఆ వంకర దారిలో దూరుతూ రెండు చెక్కల్నీ దగ్గరికి లాగేస్తుంది. చివరి దెబ్బకి సుత్తి చప్పుడు మారింది, అప్పటిదాకా సన్నగా కనిపించిన సందు మూసుకుపోయింది. ఫెవికాల్ డబ్బా అక్కడే ఉంది, మూత తియ్యలేదు.

జిగురు ఎందుకు వద్దన్నారో వానాకాలంలో అర్థమైంది. చెక్క పొడుగు దాదాపు మారదు కానీ, అడ్డంగా మాత్రం తేమ తాగి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. పదంగుళాల టేకు పలక కూడా మే నెలకీ ఆగస్టుకీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్లు తేడా చూపించగలదు. చుట్టూ జిగురు పూసి స్క్రూలు బిగించేస్తే ఆ కదలికకి చోటుండదు, చెక్క పగులుతుంది. గాడిలో కూర్చున్న పలకకి ఆ బాధ లేదు. పక్కింటివాళ్ళ రెడీమేడ్ మెట్లు రెండో ఏడాదికే కిర్రుమంటున్నాయి, వాళ్ళు డబ్ల్యూడీ-40 కొడుతున్నారు పాపం.

ఇంత పని తెలిసిన మనిషితో మనం ఎలా మాట్లాడతామో కూడా చూశాను. ఇంటికొచ్చిన చుట్టాలందరిదీ ఒకటే ప్రశ్న: "ఇంకా ఎన్నాళ్ళండీ?" మా బాబాయ్ అయితే మిషన్ పెట్టి కోసేస్తే ఒక్క పూటలో అయిపోదా అని ఆయన మొహం మీదే అన్నాడు. షోరూంలో వేసిన రేటుకి నోరు మెదపం, ఆచారి రోజు కూలి దగ్గర మాత్రం వంద రూపాయలకి అరగంట బేరం. ఆయన కొడుకు ఈ పనిలోకి రాలేదు, హైదరాబాద్‌లో క్యాబ్ నడుపుతున్నాడు. తప్పెలా అంటాం?

2023లో చేతివృత్తులవాళ్ళ కోసం కేంద్రం పీఎం విశ్వకర్మ పథకం తెచ్చింది. పనిముట్లకి 15,000 రూపాయలు, మొదట అయిదు నుంచి ఏడు రోజుల శిక్షణ, తక్కువ వడ్డీకి అప్పు. ఇవ్వనివ్వండి, మంచిదే. కానీ గాడి తొలవడం అయిదు రోజుల్లో రాదు, వచ్చినవాడికి ఆ గాడి పని ఇచ్చే ఇల్లు కావాలి. మనం ఇనుప ఫ్రేముకి టేకు పొర అతికించుకుంటూ, శాంటా ఫే మెట్లకి దండాలు పెడుతుంటే ఆ కొత్త ఉలి పెట్టెలోనే ఉంటుంది.

మెట్ల ఫొటో కామెంట్లో పెడుతున్నా. ఆచారి గారి నంబరు అడిగేవాళ్ళు ఇన్‌బాక్స్‌కి రండి, ఆయన్ని అడిగి ఇస్తాను. టైల్స్ మందం కనుక్కుని మరీ ఫోన్ చెయ్యండి. బేరం మొదలెడితే ఆయన ఫోన్ పెట్టేస్తారు, తర్వాత నన్ను అనుకోవద్దు.