ఐసోలేటెడ్ కన్వర్టర్ ఉంటే ఎర్తింగ్ అక్కర్లేదా?

ఆకివీడు, ఉండి వైపు రొయ్యల చెరువుల దగ్గరా, మండపేట, తాడేపల్లిగూడెం రైసుమిల్లుల్లోనూ ప్యానెల్ పని చేసేవాళ్ల ఫోన్లలో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఆర్‌ఎస్-485 అంటే మీటర్లు, ప్యానెళ్లు కంప్యూటరుతో మాట్లాడుకునే ఎ, బి అనే రెండు వైర్ల డేటా లైను. ఐసోలేటెడ్ కన్వర్టర్ అంటే రెండు వైపుల గ్రౌండులకూ మధ్య కరెంటు దారి లేకుండా డేటాను మాత్రమే దాటించే పెట్టె. మెసేజ్ సారాంశం ఇది: "ఆర్‌ఎస్-485 లైనుకు ఐసోలేటెడ్ కన్వర్టర్ తగిలించండి. ఎర్తింగ్ గొడవ ఉండదు, పిడుగు పడినా పోర్టు పోదు. మూడో వైరు దండగ, 120 ఓమ్ రెసిస్టర్లు దండగ. రెండు వైర్లు ఎంత దూరమైనా లాగొచ్చు. అసలు మనది తడి నేల, ఎర్త్ తేడా రాదు. అయినా సేఫ్టీకి ప్రతి మీటరుకూ ఒకటి పెట్టుకోండి." ఇందులో నిజం ఒక్క ముక్కే. మిగతాది నమ్మితే పోర్టులు కాలతాయి.

ముందు ఆ నిజం ముక్క. 485 రిసీవరు తన గ్రౌండుతో పోలిస్తే ఎ, బి వైర్ల మీద −7 నుంచి +12 వోల్టుల వరకే పనిచేస్తుందని ప్రమాణం. గట్టు మీద ఏరేటర్ల (చెరువు నీటికి గాలి పట్టించే యంత్రాల) ప్యానెల్‌కు ఒక ఎర్త్ గుంట, 300 మీటర్ల అవతల మేత గోడౌన్‌కు ఇంకో గుంట ఉంటాయి. రెండింటి మధ్య ఏసీ 10 వోల్టుల తేడా వచ్చినా గరిష్ఠంగా 14 అవుతుంది, అంటే హద్దు దాటినట్టే. ఆ తేడాను డేటా వైరు ఎక్కకుండా తెంపేది ఐసోలేషన్. దాని పని అదొక్కటే.

తడి నేలలో తేడా రాదన్నది కొలవకుండా చెప్పే మాట. ఉప్పు తగిలిన బంకమట్టి కరెంటును బాగా పారనిస్తుంది, నిజమే. మోటారు కేబుల్ గ్లాండులోకి (కేబుల్ లోపలికి దూరే చోట ఉండే బిగింపులోకి) నీళ్లు దిగితే లీకేజీ కూడా అదే నేలలో హాయిగా పారుతుంది, గుంటకూ గుంటకూ వోల్టేజీ పుట్టిస్తుంది. పరీక్ష తేలిక. కేబుల్ లాగాక, ఏ పోర్టుకూ కలపకముందు, అందులో ఒక వైరు అవతలి చివర అక్కడి ఎర్త్‌కు తాత్కాలికంగా కట్టండి. ఇవతల ఆ వైరుకూ ఇక్కడి ఎర్త్‌కూ మధ్య ఏసీలోనూ డీసీలోనూ కొలవండి. ఏరేటర్లు ఆపి ఒకసారి, అన్నీ వేసి ఒకసారి. రెండు రీడింగులకూ పొంతన లేకపోతే కన్వర్టర్ కంటే ముందు లీకవుతున్న మోటారును వెతకాలి.

అందుకే "ఎర్తింగ్ గొడవ ఉండదు" అన్నది ఆ మెసేజ్‌లో అన్నిటికన్నా ప్రమాదకరమైన వాక్యం. డేటా లైను ఐసోలేషన్‌కూ మోటారు బాడీ ఎర్త్‌కూ సంబంధమే లేదు. నడుం లోతు నీళ్లలో మనుషులు దిగే చోట ఎర్త్ వైరూ, లీకేజీకి ట్రిప్పయ్యే బ్రేకరూ ప్రాణాలకు సంబంధించినవి.

పిడుగు సంగతికొద్దాం. కన్వర్టర్ పెట్టె మీద ఐసోలేషన్ 2500 వోల్టులని ఉంటే అది సాధారణంగా ఒక నిమిషం పరీక్షలో తట్టుకున్న వోల్టేజీ. రోజూ మోయగలిగేది అంతకంటే చాలా తక్కువ. ఏప్రిల్, మే నెలల్లో గట్టు మీది కొబ్బరిచెట్టు మీద పిడుగు పడిందనుకుందాం. అందులో 10,000 ఆంపియర్లు 5 ఓమ్‌ల గుంట గుండా దిగితే ఆ గుంట దగ్గర 50,000 వోల్టులు లేస్తాయి. 2500 వోల్టుల గోడ దాని ముందు నిలవదు. పైగా ఎ, బిల మధ్యే సర్జ్ (క్షణకాలపు వోల్టేజీ పోటు) పుడితే ఐసోలేషన్ దాన్ని చూడను కూడా చూడదు, డ్రైవర్ చిప్ నేరుగా పోతుంది. దానికి కావలసినవి వేరు: లైను వైపు సర్జ్‌ను ఎర్త్‌కు మళ్లించే గ్యాస్ ట్యూబు, తర్వాత వైరుకొక 10 ఓమ్ రెసిస్టరు, చిప్ దగ్గర ఎస్‌ఎం712 లాంటి, మిగిలిన వోల్టేజీని కట్టడి చేసే టీవీఎస్ డయోడు. గ్యాస్ ట్యూబు ఎర్త్ వైరు పొట్టిగా, తిన్నగా ఉండాలి. ఒక మీటరు పొడవు వైరుకు ఇండక్టెన్స్ (కరెంటు మార్పును అడ్డుకునే గుణం) సుమారు 1 మైక్రోహెన్రీ. మైక్రోసెకనుకు 1000 ఆంపియర్ల చొప్పున పెరిగే సర్జ్ వస్తే ఆ మీటరు మీదే 1000 వోల్టులు పడతాయి. చుట్ట చుట్టి వదిలేసిన ఎర్త్ వైరు ఉన్నా లేనట్టే. గట్టు పొడవునా వందల మీటర్లు వెళ్లాల్సి వస్తే రాగి వదిలేసి 485ను ఫైబర్‌కు మార్చే జత కన్వర్టర్లు పెట్టడం మేలు. లోహపు తీగ లేని ఫైబరే కొనండి, లేదంటే పిడుగుకు మళ్లీ దారి ఇచ్చినట్టే.

మూడో వైరు దండగ అన్నది తెలిసీ తెలియని మాట. ఐసోలేట్ చేశాక అవతలి గ్రౌండు దేనికీ కట్టి ఉండదు. రెండు పిన్నుల ఎస్‌ఎంపీఎస్ (ఏసీని డీసీగా మార్చే పవర్ సప్లై) లోపల నాయిస్ తగ్గించడానికి పెట్టే వై-కెపాసిటర్ల గుండా వచ్చే లీకేజీ దాన్ని ఎత్తేస్తుంది. మామూలు డిజిటల్ మీటరు పెడితే ఎర్త్‌కూ దానికీ మధ్య 80, 100 వోల్టులు చూపించడం వింతేమీ కాదు. ఆ కరెంటు చాలా కొద్దిది, కానీ రిసీవరును హద్దు దాటించడానికి చాలు. రెండు పెయిర్ల షీల్డెడ్ (లోహపు తొడుగున్న) కేబుల్ తీసుకుని ఒక పెయిరు ఎ, బిలకూ, రెండో పెయిరులోని రెండు వైర్లూ కలిపి కామన్‌కూ వాడండి. ఆ కామన్‌ను బస్సు (పరికరాలన్నీ తగిలే ఉమ్మడి లైను) మొత్తానికి ఒక్కచోటే, వీలైతే మాస్టరు (లైను మీద ప్రశ్నలడిగే పరికరం) దగ్గర, ఎర్త్‌కు కలపమని 485 లైన్ల మీద వాడే మోడ్‌బస్ పద్ధతికి ఉన్న సీరియల్ లైన్ గైడు కూడా చెబుతోంది. షీల్డుకు కూడా ఒక చివరే ఎర్త్. ప్రతి ప్యానెల్‌లోనూ అలవాటు కొద్దీ షీల్డునూ 485 గ్రౌండునూ ఎర్త్ బార్‌కు బిగించేస్తే ఐసోలేషన్‌ను చేతులారా తీసేసినట్టే.

పవర్ దగ్గర కూడా ఇదే తప్పు జరుగుతుంది. కన్వర్టర్ చేతికి రాగానే వైర్లేమీ పెట్టకుండా మల్టీమీటరును 2 మెగాఓమ్ రేంజిలో పెట్టి మూడు చోట్ల చూడండి: 232 పోర్టు (కంప్యూటరు వైపు సీరియల్ పోర్టు) 5వ పిన్నుకూ 485 గ్రౌండు టెర్మినల్‌కూ మధ్య, పవర్ మైనస్‌కూ 485 గ్రౌండుకూ మధ్య, పవర్ మైనస్‌కూ 5వ పిన్నుకూ మధ్య. మొదటి రెండూ ఓపెన్ చూపాలి. మూడోది షార్టు చూపితే పవర్ 232 వైపుదని అర్థం. అప్పుడు కంప్యూటరు వైపు ఎస్‌ఎంపీఎస్ నుంచే సప్లై ఇవ్వాలి, ఫీల్డు వైపు 24 వోల్టులు ఇవ్వకూడదు. మొదటిదే సున్నా చూపితే వెనక్కి ఇచ్చేయండి. చవక సరుకులో వెలుగుతో సిగ్నల్ దాటించే ఆప్టోకప్లర్లు ఉంటాయి, అవతలి వైపుకు విడిగా పవర్ ఇచ్చే ఐసోలేటెడ్ డీసీ-డీసీ మాడ్యూల్ ఉండదు. రెండు గ్రౌండులూ బోర్డు మీదే కలిసిపోయి ఉంటాయి, మూత మీద మాత్రం "ఐసోలేటెడ్" అని రాసి ఉంటుంది.

120 ఓమ్ రెసిస్టర్ల పని వైరు చివర సిగ్నల్ వెనక్కి తిరగకుండా చూడడం. ఐసోలేషన్ వచ్చినా ఆ పని అలాగే ఉంటుంది. బస్సు రెండు చివర్లా ఒక్కొక్కటి, అంతే. పవర్ ఆపి ఎ, బిల మధ్య కొలిస్తే 60 దరిదాపుల్లో రావాలి. 120 వస్తే ఒకటి లేదు, 40 వస్తే ఎవరో మూడోది పెట్టారు. లైను ఖాళీగా ఉన్నప్పుడు ఎ, బిల మధ్య 200 మిల్లీవోల్టులకు తగ్గకుండా బయాస్ (ఖాళీ లైనును ఒకే స్థితిలో నిలిపే చిన్న వోల్టేజీ) కూడా ఉండాలి. 5 వోల్టులకు ఒకటి, గ్రౌండుకు ఒకటి 560 ఓమ్ రెసిస్టర్లు పెడితే సుమారు 250 వస్తుంది.

దూరం: 485కు 1200 మీటర్లు, అదీ తక్కువ స్పీడులో. మిల్లు వేబ్రిడ్జి ఇండికేటరు నుంచి వచ్చే 232 లైనుకు 15 మీటర్లే లెక్క. మధ్యలో ఐసోలేటరు పెట్టినంత మాత్రాన అది 60 మీటర్లు వెళ్లదు, రెండు చివర్లా 485కు మార్చాలి. స్పీడు కూడా చూడాలి. సెకనుకు 9600 బిట్ల స్పీడులో ఒక బిట్టు 104 మైక్రోసెకన్లు, నెమ్మది ఆప్టోకప్లరు కూడా నెట్టుకొస్తుంది. 1,15,200లో బిట్టుకు 8.7 మైక్రోసెకన్లే. అక్కడ పీసీ817 లాంటి నెమ్మది ఆప్టోకప్లరు పెడితే అక్షరాలు చెడిపోతాయి, నెపం కేబుల్ మీదికి పోతుంది.

ఇక ప్రతి మీటరుకూ ఒకటి అన్న సలహా. ఒకే ప్యానెల్‌లో ఒకే ఎస్‌ఎంపీఎస్ మీద ఉన్న నాలుగు మీటర్ల మధ్య ఐసోలేషన్ దేనికి? కేబుల్ ఆ భవనం దాటే చోట ఒకటి చాలు. అక్కడ పెట్టేది ఐసోలేటెడ్ రిపీటరు (సిగ్నల్‌ను అందుకుని కొత్తగా ముందుకు పంపే పెట్టె) అయితే బస్సు రెండు ముక్కలవుతుంది. ఏ ముక్కకు ఆ ముక్క టెర్మినేషనూ (చివరి 120 ఓమ్ రెసిస్టర్లూ) బయాసూ పెట్టాలి, అంటే మొత్తం నాలుగు 120 ఓమ్ రెసిస్టర్లు. రాజోలు, నరసాపురం లాంటి ఉప్పుగాలి చోట్ల బోర్డుకు పూత ఉన్నదే ఎంచుకుని దుమ్మూ నీటి చిమ్మూ చొరని ఐపీ65 పెట్టెలో, గ్లాండులు కిందికి ఉండేలా బిగించాలి. రెండు గ్రౌండుల మధ్య వదిలిన ఖాళీ మీద ఉప్పు తేమ పేరుకుంటే అక్కడే కరెంటుకు దారి పడుతుంది.