‘ఇరవై మిల్లీమీటర్లే కదా’ అనేవాళ్లకు

కిట్ కారు, అంటే భాగాలు తెచ్చుకుని సొంతంగా బిగించుకునే కారు, కట్టుకుంటున్న మనిషి వేరే గేర్‌బాక్సు పెట్టాలనుకుంటున్నానని నోరు తెరిస్తే చాలు, సీట్ల మధ్య గేర్‌బాక్సు దూరే టన్నెల్ గురించి పక్కనుంచి ఒక సలహా వచ్చి పడుతుంది: "టన్నెల్ కాస్త ఇరుకు, అంతే. ఇరవై మిల్లీమీటర్లే కదా, ఆ గొట్టం కోసి పక్కకు జరుపు." ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకంటే ఒకప్పుడు నేనూ ఆ మాట నమ్మి ఇనుము కోసే గ్రైండర్ పట్టుకున్నవాణ్ని.

నాది 1957 నాటి లోటస్ సెవెన్ అనే పైకప్పు లేని తేలిక కారు పోలికతో కట్టిన గొట్టాల ఛాసీ (కారు అస్థిపంజరం). అంగుళం చదరపు గొట్టం, 1.6 మిల్లీమీటర్ల మందం. డ్రాయింగు ఫోర్డ్ టైప్ 9 గేర్‌బాక్సును దృష్టిలో పెట్టుకుని గీసింది. ఆ గేర్‌బాక్సు పుట్టుకే ఒక సర్దుబాటు. పాత నాలుగు గేర్ల పెట్టెకు తోక భాగంలో అయిదో గేరు చేర్చి తయారుచేశారు. బరువైన కుటుంబ కారుకు అది చాలు. తేలిక కారులో మాత్రం చిరాకు తెప్పిస్తుంది. మొదటి గేరు నిష్పత్తి (బయటి షాఫ్ట్ ఒక చుట్టు తిరగడానికి ఇంజను తిరగాల్సిన చుట్లు) 3.65, రెండోది 1.97. అంటే 6000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర గేరు మారిస్తే ఇంజను ఒక్కసారిగా 3240 దగ్గరకు జారిపోతుంది. మాజ్దా ఎంఎక్స్-5 అయిదు గేర్ల పెట్టెలో అవే 3.136, 1.888. అదే చోట మారిస్తే 3610 దగ్గర ఆగుతుంది. ఆ తేడా కోసమే మార్చాను, ఆ నిర్ణయం మీద ఇప్పటికీ నాకు చింత లేదు. చింతంతా చేసిన పద్ధతి మీదే.

కొత్త పెట్టె టన్నెల్‌లోకి దూరలేదు. పక్కన ఒక ఏటవాలు గొట్టం అడ్డం వచ్చింది. కోశాను. దాని బదులు చుట్టూ చదరంగా ఒక చట్రం వెల్డింగు చేసి, ‘ఇది ఇంకా గట్టిది’ అని సంతోషపడ్డాను. గొట్టాల ఛాసీ గట్టితనం గొట్టం లావులో ఉండదు, త్రిభుజంలో ఉంటుంది. నాలుగు పుల్లల చదరాన్ని మూల పట్టుకుని నొక్కితే పక్కకు ఒరిగిపోతుంది, అడ్డంగా ఇంకో పుల్ల పెడితే కదలదు. చిన్నపిల్లలకు కూడా తెలిసే ఈ సంగతిని గ్రైండర్ చేతిలోకి రాగానే నేను మరిచిపోయాను. పైకప్పు లేని కారులో మెలికను తట్టుకునే పనిలో సీట్ల మధ్య ఉండే ఆ టన్నెల్‌ది పెద్ద వాటా. దాన్ని గేర్‌బాక్సుకు కట్టిన ప్రహరీ గోడలా చూడటంతోనే తప్పు మొదలవుతుంది.

కోసిన రోజు ఏమీ కాలేదు. ఆ నెలా ఏమీ కాలేదు. ‘నేనూ కోశాను, ఏమీ కాలేదే’ అని ధీమాగా చెప్పేవాళ్లంతా ఈ దశలో ఉన్నవాళ్లేనని నా అనుమానం. తరువాత టన్నెల్ మీది అల్యూమినియం రేకు రివెట్లు ఒక్కొక్కటే వదులయ్యాయి. విప్పి చూస్తే రంధ్రాలు గుండ్రం పోయి కోలగా సాగి ఉన్నాయి. ముందు ఒక మూల జాకీ పెట్టి ఎత్తితే, అంతకుముందు దాదాపు వెంటనే లేచే వెనక చక్రం ఇప్పుడు తీరిగ్గా లేస్తోంది. ఛాసీ మెలి తిరుగుతోందని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

గొట్టం సంగతి అలా ఉంచి, అసలు గేర్‌బాక్సును నిలబెట్టడం ఇంకో కథ. ఎంఎక్స్-5లో గేర్‌బాక్సును, వెనక చక్రాలకు బలం పంచే డిఫరెన్షియల్‌తో కలుపుతూ పొడవాటి అల్యూమినియం దూలం ఉంటుంది. అందుకే ఆ పెట్టె తోక కింద మామూలుగా ఉండే మౌంటింగు (ఛాసీకి పట్టి నిలిపే ఆధారం) ఉండదు. మన ఛాసీలో ఆ దూలం పెట్టం కాబట్టి మౌంటింగు మనమే చేసుకోవాలి. చాలామంది దీన్ని పెట్టె బరువు మోసే స్టాండులా ఊహించుకుని ఒక పలచని పట్టీ బిగిస్తారు. ఇంజను 160 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇస్తోందనుకోండి, మొదటి గేరులో అది దాదాపు 500 అవుతుంది. గేర్‌బాక్సు నుంచి డిఫరెన్షియల్‌కు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను ఆ బలంతో ఒకవైపు తిప్పుతుంటే, ఇంజనూ గేర్‌బాక్సూ కలిసి అదే బలంతో రెండోవైపు దొర్లాలని చూస్తాయి. మౌంటింగులన్నీ కలిసి ఆపాల్సింది దాన్ని.

ఇక కోణాలు. కింది గొట్టం తగలకుండా తోక కాస్త పైకెత్తాను. దాంతో షాఫ్ట్ ముందు జాయింట్ అయిదు డిగ్రీలు, వెనకది ఒక డిగ్రీ అయ్యాయి. షాఫ్ట్ చివర ఉండే ఈ యూనివర్సల్ జాయింట్ వంగి తిరిగేటప్పుడు అవతలివైపు వేగం సమంగా ఉండదు. ఒక్కో చుట్టుకు రెండుసార్లు హెచ్చుతుంది, రెండుసార్లు తగ్గుతుంది. రెండు చివర్లా కోణాలు సమానంగా ఉండి, షాఫ్ట్ మీది రెండు యోకులూ (జాయింట్లను పట్టే పంగలు) ఒకే వరుసలో ఉంటే ఒకదాని తప్పును ఇంకోటి కొట్టేస్తుంది. నాకు అది జరగలేదు. 90 కిలోమీటర్ల వేగం రాగానే సీటు కింద తేనెటీగల గూడు పెట్టినట్టుండేది. టైర్లు బ్యాలెన్సు చేయించాను, షాఫ్టు బ్యాలెన్సు చేయించాను, డబ్బు పోయింది, తేనెటీగలు పోలేదు. చివరికి కోణం కొలిచే చిన్న పరికరం తెచ్చి పెడితే రెండు నిమిషాల్లో విషయం బయటపడింది. అలాగని సున్నా డిగ్రీలు పెట్టుకోవద్దు. జాయింట్ లోపలి సూది బేరింగులు కొంచెమైనా దొర్లాలి, లేకపోతే ఒకేచోట నొక్కుకుని గుంటలు పడతాయి. రెండువైపులా సమానంగా ఒకటి నుంచి మూడు డిగ్రీల మధ్య ఉంటే నిశ్చింత.

ఇంజనుకు వేరే కారు గేర్‌బాక్సును కలిపే రెడీమేడ్ అడాప్టర్ ప్లేటు గురించి ఎక్కువ రాస్తే బీపీ పెరుగుతుంది. రంధ్రాలన్నీ చక్కగా కలిశాయి, బోల్టులు వేళ్లతోనే ఎక్కాయి. చిన్న తేడాలు కొలిచే డయల్ గేజి పెడితే సూది 0.4 మిల్లీమీటర్లు ఊగింది. సాధారణంగా పాటించే హద్దు 0.13. ఇంజను నడిమి రేఖ, గేర్‌బాక్సు నడిమి రేఖ ఒకటి కాకపోతే ఇన్‌పుట్ షాఫ్ట్‌ను ప్రతి చుట్టుకూ పక్కకు లాగుతున్నట్టే. క్రాంక్ (ఇంజనులో తిరిగే ప్రధాన కడ్డీ) చివరి చిన్న బేరింగు ముందు పోతుంది, ఆ తరువాత గేర్లు వాటంతటవే జారడం మొదలవుతుంది. అమ్మినవారిని అడిగితే ‘ఇంతవరకు ఎవరూ ఫిర్యాదు చేయలేదు’ అన్నారు. గేజి పెట్టి చూసినవాళ్లు ఎంతమందో మరి! చివరికి కేంద్రం పక్కకు తప్పించి చేసిన డోవెల్ పిన్నులతో (రెండు భాగాలను సరైన చోట కూర్చే చిన్న కడ్డీలు) సరిచేశాను.

నన్ను అడిగితే ఛాసీ మీద చేయి వేయడం ఆఖరి పని. లోపల గేర్లు లేని ఖాళీ పెట్టె ఒకటి సంపాదించి ముందు దాన్ని దూర్చి చూడండి, బరువుండదు, వంద సార్లు ఎక్కించి దించవచ్చు. ఇంజనును పది మిల్లీమీటర్లు ముందుకో పక్కకో జరిపితే అడ్డం తొలగుతుందేమో చూడండి, రెండు సందర్భాల్లో ఒకసారి తొలగుతుంది (లెక్క నాది, శాస్త్రం కాదు). పెట్టె మీద పాత కారుకు తప్ప మనకు పనికిరాని చెవులు కొన్ని పొడుచుకుని ఉంటాయి. లోపల నూనె లేదని, బోల్టు లేదని నిర్ధారించుకుని వాటిని అరగదీయండి. అప్పటికీ గొట్టం అడ్డమే అయితే, త్రిభుజం చెడని కొత్త దారిలో కొత్త గొట్టం వెల్డింగు చేసి, ఆ తరువాతే పాతది కోయండి. ఈ వరుస తలకిందులు చేస్తే కోసిన క్షణంలోనే ఛాసీ మిల్లీమీటరో రెండో సర్దుకుపోతుంది, వెల్డింగు ఆ వంకరను శాశ్వతం చేస్తుంది.

నేను రెండోసారి అలాగే చేశాను. ఇంజను కొంచెం ముందుకు జరిగింది, రెండు చెవులు అరిగాయి, ఏటవాలు గొట్టం తిరిగి వచ్చింది. గేరు లీవరు మాత్రం కోరుకున్న చోటికన్నా 60 మిల్లీమీటర్లు వెనక తేలింది. మూడో గేరు నుంచి నాలుగుకు లాగేటప్పుడు మోచేయి వెనక రేకుకు తగులుతోంది. లీవరును ముందుకు వంచి చూస్తున్నాను, లేదంటే లీవరును దూరం నుంచి కలిపే కడ్డీల లింకేజీ చేసుకుంటాను. టన్నెల్ జోలికి మాత్రం వెళ్లను.