సెట్టులో మాట క్యూలో ఉన్నవాళ్ల చెవిన పడాలి

తిరుపతి బస్టాండు దగ్గర టీ కొట్టులో కాసేపు నిలబడి చూడండి. బందోబస్తుకొచ్చిన కానిస్టేబుల్ చేతిలో గ్లాసు, భుజం మీద గరగరమనే వైర్‌లెస్ సెట్టు. ‘వీఐపీ వెహికల్ అలిపిరి దాటింది, ఓవర్.’ ఆయన సౌండు తగ్గించేలోపే కొట్టులోని పదిమందికీ ఊళ్లో సంగతి తెలిసిపోతుంది.

అదే మాట ఇంట్లో స్కానర్, అంటే ఇలాంటి రేడియో మాటల్ని పట్టి వినిపించే పెట్టె, పెట్టుకుని వింటే నేరం. సెట్టు దగ్గరుంచుకోవడానికే లైసెన్సు కావాలని 1933 నాడే చట్టం చేశారు. అనుమతి లేకుండా ఇతరుల సందేశాలను చాటుగా వింటే మూడేళ్ల దాకా జైలు, 2 కోట్ల రూపాయల దాకా జరిమానా అంటోంది 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం. స్కానర్లు కొనుక్కోమని నేను చెప్పడం లేదు. పోలీసులు, ఫైర్ వాళ్లే మామూలు కబుర్ల చానెల్ ఒకటి జనానికి వినిపించాలంటున్నాను.

2025 జనవరి 7న లాస్ ఏంజెలెస్‌లో కార్చిచ్చు అంటుకుంది. అక్కడ ఫైర్ రేడియోను ఎవరైనా వినొచ్చు. ‘వాచ్ డ్యూటీ’ యాప్ వాళ్లు స్కానర్లు విని, మంట ఎటు వస్తోందో ఎప్పటికప్పుడు ఫోన్లలో పెట్టారు. లక్షల మంది దాన్ని చూసి మంట సంగతి తెలుసుకున్నారు. మర్నాడు రాత్రి మన తిరుపతి బైరాగిపట్టెడలో ఏం జరిగిందో మీకు తెలుసు. ఒంట్లో బాగోలేని ఒకావిడ కోసం గేటు తీస్తే, వైకుంఠ ద్వార దర్శనం టోకెన్లకే తీశారనుకుని జనం ఒక్కసారిగా తోసుకొచ్చారని వార్తలొచ్చాయి. ఆ రాత్రి టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు పోయారు. గేటు ఎందుకు తీశారో తీసినవాళ్లకు తెలుసు. పది గజాల అవతల, పొద్దుట్నుంచీ నిలబడి కాళ్లు లాగుతున్నవాళ్లకు తెలియదు. ఆ పది గజాలే నా బాధంతా.

దొంగలూ వింటారు కదా అంటారు. నిజమే. అందుకే న్యూయార్క్ పోలీసులు 2023 నుంచి తమ రేడియో బయటివాళ్లకు వినబడకుండా తాళం వేస్తూ వస్తున్నారు. షికాగోలో అరగంట ఆలస్యంగా వినిపిస్తున్నారు. దొంగను పట్టే చానెల్‌కు మనమూ తాళం వేసుకుందాం. ట్రాఫిక్, క్యూ, మంటలు, వరద, వీటిలో దొంగకు పనికొచ్చేదేముంది?

అసలు జబ్బు వేరే ఉంది. ‘చెబితే జనం కంగారు పడతారు’ అనేది మన అధికారుల నరాల్లో ఇంకిపోయింది. చెప్పకపోతేనే కంగారని 2021 నవంబరు వరదల్లో చూశాం. తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని కింది ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు మా వీధి వాట్సాప్ గ్రూపులో ఆ చెరువు నాలుగుసార్లు తెగింది. నిజానికి ఒక్కసారీ తెగలేదు. కట్ట మీదున్నవాళ్ల మాట నేరుగా వినిపించి ఉంటే మా ఎదురింటి పెద్దావిడ అర్ధరాత్రి బియ్యం మూట మేడ మీదికి మోయించేది కాదు. ఆ టెన్షన్‌కు ఆవిడకు మూడు రోజులు బీపీ దిగలేదు.

కొండ మీద ఒక పిల్లాడు తప్పిపోతే మైకులో నాలుగైదు భాషల్లో పిలుస్తాం. టోకెన్ల క్యూల దగ్గర ఆ మైకు కంట్రోల్ రూమ్ మాట ఎందుకు చెప్పకూడదు? గేటు తీసే ముందు, ఎవరి కోసం తీస్తున్నారో చెప్పడానికి అర నిమిషం చాలు. వచ్చే వైకుంఠ ఏకాదశికి కనీసం ఒక్క సెంటర్లో చేసి చూడండి.