మేడ మీద ప్రతివాది

(తెనాలిలో ఓ ఇల్లు. సత్యం బీరువాలోని కాగితాలన్నీ కింద కుప్ప పోసి వెతుకుతున్నాడు. పద్మ గుమ్మంలో కూర్చుని గోరుచిక్కుళ్లు తుంచుతోంది.)

సత్యం: మీ తమ్ముడు రాసిచ్చిన ప్రామిసరీ నోటు ఎక్కడ పెట్టావే?

పద్మ: ఏ నోటు?

సత్యం: రెండు లక్షల నోటు! రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టి మరీ పట్టుకెళ్లాడు. మే 18తో మూడేళ్లు నిండుతాయి. ఆలోగా దావా వేయకపోతే అది చిత్తు కాగితమే.

పద్మ: మే నెలలో కోర్టుకి వేసవి సెలవులేగా! అయ్యో పాపం.

సత్యం: మరీ అంత సంబరపడకు. గడువు సెలవుల్లో తీరితే కోర్టు తెరిచిన రోజున వేసుకోవచ్చు. 1963 కాలపరిమితి చట్టం, సెక్షన్ 4. మా వకీలు గారు చెప్పారు.

(సత్యానికి ఇంట్లో గొంతు లేవడం ఏడాదికి ఒకసారి. ఈ ఏటిది ఇదే.)

పద్మ: వేయండి, వద్దన్నదెవరు? సమన్లు పట్టుకుని కోర్టు బంట్రోతు, అదే అమీనా, ఎక్కడికొస్తాడు?

సత్యం: వాడుండే చోటికి.

పద్మ: అంటే మన మేడ మీదికి. వాడు ఊళ్లో లేకపోతే, వాడితో కలిసుంటున్న కుటుంబంలో పెద్దవాళ్లెవరైనా తీసుకోవచ్చట. నేను గుడికెళ్తాను. మీరే తీసుకోండి, వాది గారూ.

సత్యం: నేను వేసిన దావాకి సమన్లు నేనే తీసుకోవాలా?

పద్మ: మజ్జిగ కూడా ఇవ్వండి. పాపం, ఎండన పడి వస్తాడు.

సత్యం: వాయిదాకి రాకపోతే వాడు లేకుండానే తీర్పు, ఎక్స్‌పార్టీ డిక్రీ అయిపోతుంది, చెప్పు మీ వాడికి!

పద్మ: ఎందుకు రాడు? మీ స్కూటరు మీద మీ వెనకే కూర్చుని వస్తాడు. జవాబు దావాకి 30 రోజులు టైముంది. కారణం చూపిస్తే 90 దాకా ఇస్తారు. అసలా సంతకమే నాది కాదంటాడు.

సత్యం: కింద సాక్షి సంతకం ఎవరిదమ్మా? బోనెక్కి అబద్ధం చెప్తావా?

పద్మ: (కాస్త తగ్గి) పోనీ వాడిదే అనుకోండి. ఎగ్గొట్టాడా ఏంటి? మొన్న సంక్రాంతికి పదివేలు మీ చేతిలో పెట్టలేదూ?

సత్యం: పెట్టాడు.

పద్మ: మరి!

(అప్పుడే అరలో పరిచిన పేపరు కింద నోటు దొరుకుతుంది.)

సత్యం: పద్దూ, ఎంత మంచిమాట గుర్తు చేశావే! ఆ పదివేలు ముట్టినట్టు నోటు వెనక చెల్లు రాసి వాడి చేత సంతకం పెట్టిస్తే, సంక్రాంతి నుంచి మళ్లీ మూడేళ్లు! సెక్షన్ 19! ఒరేయ్ శీనూ, పెన్ను పట్టుకుని కిందికి రారా!

పద్మ: (మెట్ల దగ్గరికి పరిగెత్తి) శీనూ, రాకు! నీకు జ్వరం! పడుకో!

సత్యం: సరే, డిక్రీ రానీ. వాడి గదిలో టీవీ, కూలరు జప్తు చేయిస్తా.

పద్మ: టీవీ మనది. కూలరుకి ఈఎంఐ మీరింకా కడుతున్నారు.

సత్యం: మరి ఆ గదిలో వాడిదంటూ ఏముందే?

పద్మ: బట్టలు, పరుపు, రెండు వంట గిన్నెలు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60 ప్రకారం వాటిని ముట్టుకోడానికి వీల్లేదు.

సత్యం: (అనుమానంగా) నీకీ సెక్షన్లు ఎవరు నేర్పారు?

పద్మ: వాడి వకీలు గారు. వకాలత్ మీద సంతకం కూడా అయిపోయింది.

సత్యం: టీకి కూడా నన్నే అడుగుతాడు. వకీలుకి ఫీజు ఎక్కణ్నుంచి తెచ్చాడు?

పద్మ: దావా వేయడానికి కోర్టు ఫీజు కట్టాలంటూ బియ్యం డబ్బాలో దాచారు చూడండీ...