‘గుజ్జు ఇంజెక్షన్’ అన్న మాటతోనే చిక్కు

మోకాలి నొప్పితో వెళ్లిన పెద్దవాళ్లకు ‘గుజ్జు అరిగిపోయింది’ అని చెప్పడం మన దగ్గర మామూలు. అరిగినదాన్ని మళ్లీ నింపుకోవచ్చన్న ఆశ ఆ మాటలోనే పుడుతుంది, ‘గుజ్జు ఇంజెక్షన్’ అన్న పేరు దాన్ని మరింత పెంచుతుంది. నిజానికి అరిగేది ఎముకల చివర్లను కప్పి ఉండే నున్నటి మృదులాస్థి. దానికి రక్తనాళాలు లేవు కనుక దెబ్బతింటే సరిగా పూడుకోదు. సూదితో ఎక్కించే హైలురోనిక్ ఆమ్లం కీలులోని జిగట ద్రవంలో సహజంగా ఉండే పదార్థమే; అది కందెనలా పనిచేయవచ్చు గానీ మృదులాస్థిని మొలిపించదు. 169 ప్రయోగాలను పరిశీలించి 2022లో బీఎంజే వైద్య పత్రిక ప్రచురించిన సమీక్ష, ఉత్తుత్తి సూదితో పోలిస్తే దీనివల్ల అదనంగా తగ్గే నొప్పి రోగికి తేడా తెలిసేంత కాదని తేల్చింది. అదే ఏడాది బ్రిటన్‌లో చికిత్సలపై మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ ఈ ఇంజెక్షన్ ఇవ్వవద్దని వైద్యులకు సూచించింది.

సొంత రక్తంలోని ప్లేట్‌లెట్లను వేరుచేసి ఎక్కించే పీఆర్‌పీ మీద ఇప్పుడు మోజు ఎక్కువ. కొన్ని చిన్న అధ్యయనాల్లో మేలు కనిపించిన మాట నిజమే. అయితే ఆస్ట్రేలియాలో 288 మందిపై జరిగి 2021లో వెలువడిన ప్రయోగంలో, ఏడాది తర్వాత చూస్తే పీఆర్‌పీకి, మందు లేని ఉప్పునీటి సూదికి నొప్పి విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

స్టెరాయిడ్ సంగతి వేరు. వాపు, నొప్పి త్వరగా తగ్గుతాయి, కానీ ఆ ఉపశమనం సాధారణంగా కొన్ని వారాలే. మళ్లీ మళ్లీ వేయించుకుంటే? అమెరికాలో 140 మందికి రెండేళ్లపాటు పన్నెండు వారాలకొకసారి స్టెరాయిడో ఉప్పునీరో ఎక్కించి చూశారు. 2017లో వచ్చిన ఆ ఫలితాల్లో స్టెరాయిడ్ తీసుకున్నవారి మృదులాస్థి ఎక్కువ పలచబడింది, నొప్పి మాత్రం రెండో గుంపు కంటే తగ్గలేదు. మధుమేహం ఉన్నవారికి సూది తర్వాత కొద్ది రోజులు షుగర్ పెరుగుతుంది. ఇది ముందే చెప్పి తీరాలి. మోకీలు మార్పిడికి ముందు మూడు నెలల్లో వేయించుకుంటే ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుందన్నదీ అంతే.

అమెరికా సైనిక వైద్య వ్యవస్థలో 156 మందిపై జరిగి 2020లో వెలువడిన ప్రయోగంలో, స్టెరాయిడ్ సూది వేయించుకున్నవారి కంటే ఫిజియోథెరపీ చేసినవారు ఏడాది చివర మెరుగ్గా ఉన్నారు. కాబట్టి కాలు కదపలేనంత నొప్పి ఉన్నప్పుడు, వ్యాయామం మొదలుపెట్టేందుకు వీలు కల్పించే సాధనంగా మాత్రమే స్టెరాయిడ్ సూదిని చూడాలని నా అభిప్రాయం. ఆ వ్యాయామానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. కాళ్లు చాపి కూర్చుని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని నేలకేసి అదిమి అయిదు లెక్కపెట్టాలి. తొడ ముందు కండరం బిగుసుకోవడం అరచేతికి తెలుస్తుంది. సూది వేసే గదిలోనే, అదే రోజున, రోగి చేత ఒకసారి ఇది చేయించి పంపడానికి అయిదు నిమిషాలు చాలు.