ఆ ఫొటోలో ఉన్నది కందిరీగ కాదు బాబాయ్

వారం నుంచి ఒకటే మెసేజ్. మొదట మా బాబాయి పంపాడు. తర్వాత పొదలకూరు వైపు నిమ్మరైతుల గ్రూపులో వచ్చింది. నిన్న మా ఆవిడ ఫోన్లోనూ చూశాను. పసుపు, నలుపు చారల పురుగు ఫొటో. కింద రాత: "నెల్లూరు జిల్లాలో దిగిన అరుదైన విదేశీ కందిరీగ! ఒక్క కాటుకు ప్రాణం పోతుంది. దీని పిల్ల పురుగులు తోటల్ని ఊడ్చేస్తాయి. కనిపించగానే మందు కొట్టండి. కుట్టాక ఆయాసం వస్తే ఆస్పత్రికి పరుగెత్తండి. పదిమందికి పంపండి."

అరుదైనది, విదేశీది అట. మా చిక్కుడు పందిరి దగ్గర పొద్దున ఎనిమిదింటికి నిలబడితే అరడజను కనిపిస్తాయి.

ఇక కాటు. ఫొటోను కాస్త పెద్దది చేసి చూడండి. తలంతా కళ్లే. మీసాలు ఉన్నాయా లేవా అన్నట్టున్నాయి. నడుము సన్నగా లేదు. రెక్కలు రెండే, కందిరీగకు నాలుగు. ఇది ఈగ. హోవర్‌ఫ్లై అంటారు. దారం కట్టి వేలాడదీసినట్టు గాల్లో ఒకేచోట నిలబడుతుంది. ముల్లే లేనిది దేనితో కుడుతుంది? పిట్టలు జోలికి రాకుండా కందిరీగ వేషం కట్టింది, అంతే. ఇలాంటి వేషాల సంగతి అమెజాన్ సీతాకోకచిలుకల్ని చూసి బేట్స్ అనే ఆయన 1862లోనే రాశాడు. మన గ్రూపులకు ఇంకా చేరినట్టు లేదు.

నాకు ఒళ్లు మండింది మాత్రం ఆ పిల్ల పురుగుల మాటకి. మొన్న చిక్కుడు లేత కొన ఒకటి వంచి చూశాను. మసి పూసినట్టు నల్లగా పేనుబంక, అదే మొక్క రసం పీల్చే చిన్న పురుగుల గుంపు. దాని మధ్యలో బియ్యపు గింజంత పురుగు, ఈ ఈగ పిల్లే, కాళ్లు లేవు, కళ్లు లేవు. తలతో అటూ ఇటూ తడుముకుని ఒక పేనును పట్టింది, పైకెత్తింది, పీల్చేసి తొక్క వదిలింది. మళ్లీ ఇంకోటి. ఎదిగేలోపు ఒక్కో పురుగు ఇలా వందల్లో లాగించేస్తుంది. ఆకు ముట్టదు. దాని మీద మందు కొట్టాలట! పేనుబంకలో ఆడవి మగవాటితో పని లేకుండానే పిల్లల్ని పెడతాయి, నాలుగు మిగిలినా మళ్లీ కొనంతా నిండిపోతుంది. అప్పుడు తినేవాళ్లుండరు కాబట్టి ఇంకో డబ్బా కొనాలి. ఇంట్లో పిల్లిని తరిమేసి ఎలుకల బోను కొనుక్కున్నట్టు. ఈ మెసేజ్ ఏ మందుల కొట్టులో పుట్టిందో!

పదిమందికి పంపమన్నదానికి జవాబు అక్కర్లేదు. పంపారుగా.

ఆ ఆస్పత్రి మాట మాత్రం కరెక్టే. అసలు కందిరీగ కుడితే, ఒంటికి పడనివాళ్లకు ఒక్క పోటే ప్రాణం మీదికి తెస్తుంది. ఇంకోటి కూడా చెప్పేస్తా. నిరుడు ఈ ఈగే చెవి దగ్గర జుయ్యిమంటే నీళ్ల బిందె పడేసి గట్టు దాకా పరుగెత్తాను. బిందె సొట్ట ఇంకా అలాగే ఉంది.