మదురైని అనంతపురం చేస్తే మిగిలేదేంటి?

2008లో శశికుమార్ తీసిన తమిళ సినిమా 'సుబ్రమణ్యపురం' మన దగ్గరికి డబ్బింగ్ అయి 'అనంతపురం 1980' పేరుతో వచ్చింది. సుబ్రమణ్యపురం మదురైలో ఒక పేట. పనీపాటా లేని కుర్రాళ్ళు, అదే వీధిలో ఒక మాజీ కౌన్సిలర్ కుటుంబం, గుడి ఉత్సవం, పోలీస్ స్టేషన్, బెయిలు... కథంతా ఆ నాలుగు వీధుల్లోనే తిరుగుతుంది. కౌన్సిలర్ తమ్ముడు బతిమాలాడని కుర్రాళ్ళు ఒక మనిషిని చంపేస్తారు. జైలుకెళ్ళాక ఆ ఇంటివాళ్ళు మొహం చాటేస్తారు. పట్నంలో చిన్న నాయకులు పార్టీ పదవుల కోసం నిరుద్యోగ యువకుల్ని ఎలా వాడుకుంటారో చెప్పే కథ ఇది.

అనంతపురం గొడవలకి మూలాలు వేరు. అక్కడ పగ పల్లెల్లో పుట్టి, భూమి చుట్టూ, కాంట్రాక్టుల చుట్టూ, ఊరి పెత్తనం చుట్టూ తరాల తరబడి తిరిగింది. ఆ జిల్లా మనిషి ఈ సినిమా చూస్తే ఇది మా ఊరు కాదని ఇట్టే పోల్చుకుంటాడు. మిగతా జిల్లాల వాళ్ళం మాత్రం రాయలసీమంటే ఇంతే అనుకుని లేచి వస్తాం. ఒక్క పేరు మార్చి రెండు ఊళ్ళకీ అన్యాయం చేశారు.

నాకు తమిళం రాదు. తీరిక దొరికినప్పుడు సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూస్తుంటాను, అంతే. అలా చూస్తూ పోగా నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది. మంచి తమిళ సినిమాకి ప్రాణం కథలో కన్నా ఊళ్ళో ఎక్కువగా ఉంటుంది. ఆ ఊరిని తీసేసి మిగతాదంతా మనకి అమ్ముతున్నారు. మనమేమో అది చూసి, అరవ సినిమాల్లో ఏడుపు ఎక్కువ, రక్తం ఎక్కువ అని తీర్పులు చెబుతున్నాం. ఎవరు ఎందుకు ఏడుస్తున్నారో, ఎవరు ఎవర్ని ఎందుకు నరుకుతున్నారో చెప్పే వివరమే చేతికి అందనప్పుడు అది అతిగా అనిపించక ఏం చేస్తుంది?

మారి సెల్వరాజ్ తీసిన 'కర్ణన్' (2021) మొదలు చూడండి. నడిరోడ్డు మీద ఒక చిన్న పిల్ల మూర్ఛ వచ్చి కొట్టుకుంటూ ఉంటుంది. బండ్లు అటూ ఇటూ పోతూనే ఉంటాయి, ఒక్కటీ ఆగదు. ఆ ఊరికి బస్సు స్టాపు లేదు. పక్క ఊళ్ళో దిగి నడిచి రావాలి, ఆ పక్క ఊరిది వేరే కులం. తర్వాత ఒక నిండు గర్భిణి ఆసుపత్రికి వెళ్ళడానికి రోడ్డు పక్కన నిలబడుతుంది, బస్సు ఆగకుండా పోతుంది. ఒక పిల్లాడు రాయి తీసుకుని బస్సు మీదికి విసురుతాడు. సినిమా అంతా ఆ రాయి మీద నిలబడి ఉంది. ఈ కథ వెనక 1995లో తూత్తుకుడి ప్రాంతంలోని కొడియంకుళం దళితవాడ మీద జరిగిన పోలీసు దాడి ఉందని తమిళ ప్రేక్షకుడికి ఎవరూ చెప్పక్కర్లేదు. పా. రంజిత్ 'సార్పట్ట పరంబరై' (2021) కూడా అంతే. ఎమర్జెన్సీలో 1976 జనవరి 31న కరుణానిధి ప్రభుత్వాన్ని రద్దు చేశారన్న సంగతి తెలియకపోతే, డీఎంకే మనిషైన కోచ్ రంగన్‌ని బాక్సింగ్ పోటీ దగ్గరే పోలీసులు ఎందుకు పట్టుకుపోయారో సగమే అర్థమవుతుంది.

రీమేక్ చేసినా ఇదే చిక్కు. వెట్రిమారన్ 'అసురన్' (2019)ని మనవాళ్ళు 'నారప్ప' (2021)గా తీసి కథని అనంతపురం వైపు తెచ్చారు. వెంకటేష్ ప్రాణం పెట్టి చేశారు, సన్నివేశాలూ దాదాపు ఉన్నవి ఉన్నట్టే వచ్చాయి. కానీ 'అసురన్'లో గుడిసెలు తగలబడుతుంటే తమిళ ప్రేక్షకుడికి 1968 డిసెంబర్ 25న కీళ్‌వెన్మణి అనే తమిళ పల్లెలో సజీవదహనమైన 44 మంది దళితులు గుర్తొస్తారు. తమిళ రచయిత పూమణి నవల నుంచి వచ్చిన ఆ కథ తన నేల మీద నిలబడి ఉంది. మన దగ్గరికి మంట వచ్చింది కానీ జ్ఞాపకం రాలేదు. మనకి జ్ఞాపకాలు లేకనా?

డబ్బింగ్ లేకపోతే మామూలు జనానికి ఈ సినిమాలే అందవని ఒక వాదన ఉంది. అందులో నిజముంది. సబ్‌టైటిల్స్ చాలాసార్లు ఇంగ్లిష్‌లోనే ఉంటాయి, అవి మా ఇంట్లో పెద్దవాళ్ళు చదవలేరు. అయితే నేను అడిగేది డబ్బింగ్ మానేయమని కాదు. మాటలు తెలుగులో చెప్పించండి, ఊరిని మాత్రం ఉన్నచోటే ఉంచండి. హాలీవుడ్ సినిమా తెలుగులోకి వస్తే న్యూయార్క్‌ని ఎవరూ విజయవాడ చేయరు. అయినా జనం చూస్తూనే ఉన్నారు. పక్క రాష్ట్రం విషయానికి వచ్చేసరికి మాత్రం మనవాళ్ళు చూడరేమోనని టెన్షన్ పడిపోతారు. బోర్డుల మీద తెలుగు అక్షరాలు అతికిస్తారు, పాత్ర నోటితో మాది కడప అనిపిస్తారు, వెనక నిలబెట్టిన బండి నంబర్ మాత్రం టీఎన్ అనే ఉంటుంది.

ఇదే పని మనకి జరిగితే ఎలా ఉంటుందో ఆలోచించండి. 'బలగం' (2023)లో కొమురయ్య చనిపోయాక పెట్టిన పిట్టముద్ద కాకి ముట్టదు. ఆ ఒక్క పట్టింపు మీద, ఇంటల్లుడి అలక మీద వేణు యెల్దండి సినిమా మొత్తం నడిపించారు. ఊరి నడుమ తెర కట్టుకుని జనం ఆ సినిమా చూశారు, చూసి ఏడ్చారు. దాన్ని ఎవరో తమిళంలోకి తీసుకెళ్ళి, కొమురయ్యది దిండిగల్ పక్క ఊరని చెప్పి, తెలంగాణ మాటనీ తెలంగాణ తంతునీ చెరిపేస్తే మనం ఊరుకుంటామా?

'మా భూమి' (1979), 'కేరాఫ్ కంచరపాలెం' (2018), 'పలాస 1978' (2020) లాంటివి మనకీ ఉన్నాయి. అవి అప్పుడప్పుడు ఒకటి వస్తాయి, వచ్చినప్పుడల్లా జనం మాట్లాడుకుంటారు, తర్వాత పరిశ్రమ మళ్ళీ ఏ ఊరూ కాని ఊళ్ళోకి వెళ్ళిపోతుంది. పాన్ ఇండియా మార్కెట్ వచ్చాక ఈ జబ్బు ముదిరింది. అన్ని రాష్ట్రాల్లో ఆడాలంటే ఏ జిల్లా వాసనా ఉండకూడదని లెక్క వేసుకుంటున్నారు. వంద కోట్ల సెట్టు వేస్తారు, అందులో ఒక్క మనిషి కూడా ఫలానా మండలం వాడిలా మాట్లాడడు.

తమిళ సినిమా చూసిన ప్రతిసారీ నాకు చుండూరు గుర్తొస్తుంది. 1985లో ప్రకాశం జిల్లా కారంచేడులో దళితుల్ని చంపిన గొడవ మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైంది. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో 8 మంది దళితుల్ని చంపిన గొడవ ఎక్కడ మొదలైందో తెలుసా? సినిమా హాల్లో. కాలు తగిలిందన్న చిన్న మాట మీద. హాల్లో రాజుకుని ఊరిని కాల్చిన ఆ ఘటన మీద, తెలుగు ప్రేక్షకుడికి వెంటనే గుర్తొచ్చే పెద్ద సినిమా ఒక్కటి లేదు. కీళ్‌వెన్మణి నీడలో పుట్టిన కథని కొని తెచ్చుకోవడానికి మాత్రం నిర్మాతలు దొరికారు.

ఓటీటీ సంస్థలకి నా డిమాండ్ ఒకటే. తమిళ సినిమా పెట్టిన రోజునే తమిళ ఆడియోకి తెలుగు సబ్‌టైటిల్స్ కూడా పెట్టండి, డబ్బింగ్‌లో ఊరి పేర్లు ముట్టుకోకండి. నిర్మాతలకి కూడా ఒక మాట. రీమేక్ హక్కుల కోసం చెన్నై వెళ్ళేముందు ఒకసారి చుండూరు వెళ్ళి రండి.